సీసీ ఒకటే, లెక్కలు మూడు: రోటరీ ఔట్‌బోర్డ్ ఇంజన్లు, పాత పడవ పందేల క్లాసు రూల్స్

మొగుళ్లపల్లి: బైకు కొనేవాళ్లు ముందుగా అడిగేది ‘ఎన్ని సీసీ?’ అనే. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ప్రీమియం సీసీని బట్టే ఉంటుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ కూడా అట్లనే: 350 సీసీ వరకు 18 శాతం, అది దాటితే 40 శాతం. 350 దగ్గర ప్రభుత్వం ఒక గీత గీసింది. 349 సీసీ ఇంజన్ గీతకు ఇవతల ఉంటుంది, 351 అయితే అవతల. రెండు సీసీల తేడాకు వేల రూపాయల పన్ను మారిపోతుంది.

మోటారు పడవల పందేల్లోనూ ఇంజన్లను ఇట్లాంటి గీతలతోనే క్లాసులుగా విడగొడతారు. ఎవరు ఎవరితో పోటీ పడాలో సీసీయే చెబుతుంది. అయితే ఒక రకం ఇంజన్ విషయంలో ‘ఎన్ని సీసీ?’ అన్న ప్రశ్నకు ఒక్క జవాబు రాదు, మూడు వస్తాయి. మూడూ ఒక లెక్కలో సరైనవే. అదే రోటరీ ఇంజన్, ఇంకో పేరు వాంకెల్ ఇంజన్. పాత ఇంజన్లను కాపాడి మళ్లీ నీళ్లలోకి దించే వింటేజ్ పోటీల్లో ఈ చిక్కును తప్పించుకునే దారి లేదు.

ఔట్‌బోర్డ్ అంటే ఏంది?

పడవ లోపల కాకుండా, వెనక చెక్కకు బయటి వైపు బిగించే ఇంజన్‌ను ఔట్‌బోర్డ్ అంటారు. పైన ఇంజన్, మధ్యలో నిలువు షాఫ్ట్, నీళ్లలో ప్రొపెల్లర్. మొత్తం ఒకే ముక్కగా ఉంటుంది. విప్పి భుజాన వేసుకుని తీసుకుపోయేంత చిన్నవీ ఉంటాయి, నలుగురు కలిసినా లేపలేనివీ ఉంటాయి.

భూపాలపల్లి జిల్లా వాళ్లకు ఇది కొత్త వస్తువేమీ కాదు. 2023 జూలై 27న పక్క మండలం చిట్యాలలో ఒక్క రోజులో 616.5 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగిపోయింది. జనాన్ని బయటకు తేవడానికి హెలికాప్టర్లు, మోటారు బోట్లు వచ్చాయి. ఆ రబ్బరు బోట్ల వెనక బిగించి ఉండేది ఔట్‌బోర్డ్ ఇంజనే.

ఔట్‌బోర్డ్‌ను వ్యాపార వస్తువుగా నిలబెట్టింది అమెరికాలోని మిల్వాకీ నగరానికి చెందిన ఓలే ఎవిన్‌రూడ్. 1909లో ఆయన అమ్మకాలు మొదలుపెట్టారు. తర్వాత ఎవిన్‌రూడ్, జాన్సన్ బ్రాండ్లు రెండూ ఔట్‌బోర్డ్ మెరైన్ కార్పొరేషన్ (ఓఎంసీ) కిందికి వచ్చాయి. ఓఎంసీకి పెద్ద పోటీదారు మెర్క్యురీ. పందేల్లో గెలిచిన ఇంజన్ షాపులో బాగా అమ్ముడుపోతుంది కాబట్టి రెండు కంపెనీలూ రేసుల మీద బాగానే ఖర్చు పెట్టాయి.

క్లాసులు ఎందుకు?

హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో జరిగే తెరచాప పడవల పోటీలు చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడ లేజర్ పడవలదే హవా. పడవ అందరికీ ఒకటే, పొడవు 4.23 మీటర్లు. తెరచాపలే వేరు: స్టాండర్డ్ 7.06 చదరపు మీటర్లు, రేడియల్ దానికన్నా చిన్నది, 4.7 రకం పేరుకు తగ్గట్టే 4.7 చదరపు మీటర్లు. తక్కువ బరువున్న పిల్లలు పెద్ద తెరచాపను పట్టుకోలేరు. అందుకే వాళ్ల క్లాసు వేరు. పడవ ఒకటే, గాలి ఒకటే కాబట్టి గెలుపు నేర్పుకు దక్కుతుంది.

మోటారు పడవల్లో తెరచాప చేసే పనిని ఇంజన్ సైజు చేస్తుంది. పాత అమెరికన్ ఔట్‌బోర్డ్ పందేల్లో క్లాసులకు ఇంగ్లిష్ అక్షరాలే పేర్లు. స్థూలంగా ఏ క్లాసు పరిమితి 15 ఘనపు అంగుళాలు (సుమారు 246 సీసీ), బీ 20 (328 సీసీ), సీ 30 (492 సీసీ), డీ 40 (655 సీసీ), ఎఫ్ 60 (983 సీసీ). అమెరికన్ పవర్ బోట్ అసోసియేషన్ 1903 నుంచి ఉంది. ప్రపంచ స్థాయిలో ఈ క్రీడను నడిపే యూఐఎం 1922లో పుట్టింది.

మామూలు పిస్టన్ ఇంజన్‌కు సీసీ హిసాబు తేలిక. యమహా ఆర్‌ఎక్స్ 100 నే తీసుకుందాం. సిలిండర్ వెడల్పు 50 మిల్లీమీటర్లు, పిస్టన్ పైకీ కిందికీ తిరిగే దూరం 50 మిల్లీమీటర్లు. గుణిస్తే 98 సీసీ. ఎవరు కొలిచినా అంతే వస్తుంది.

అయితే సీసీ ఒక్కటే బలం చెప్పదు. ఆర్‌ఎక్స్ 100 ది 98 సీసీ, పాత హీరో హోండా స్ప్లెండర్‌ది 97.2 సీసీ. ఇంజన్లు దాదాపు సమానమే. కానీ ఆర్‌ఎక్స్ సుమారు 11 హార్స్ పవర్ ఇచ్చేది, స్ప్లెండర్ 7.5 దగ్గర ఆగేది. ఆర్‌ఎక్స్ టూ స్ట్రోక్ కాబట్టి ఇంజన్ షాఫ్ట్ తిరిగిన ప్రతి చుట్టుకూ ఒకసారి పెట్రోలు మండుతుంది. స్ప్లెండర్ ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. ఈ తేడాను మనసులో ఉంచుకుంటే రోటరీ గొడవ సగం అర్థమైనట్టే.

పిస్టన్ లేని ఇంజన్

రోటరీ ఇంజన్ ఆలోచన జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్‌ది (1902–1988). ఆయనకు ఇంజనీరింగ్ డిగ్రీ లేదు. ఎన్‌ఎస్‌యూ కంపెనీలో పని చేస్తుండగా 1957లో మొదటి నమూనా నడిచింది. 1964లో ఎన్‌ఎస్‌యూ స్పైడర్ కారులో ఇది మార్కెట్‌కు వచ్చింది. ఆ తర్వాత దీన్ని అందరికన్నా ఎక్కువ కాలం పట్టుకుని ఉన్నది జపాన్ కంపెనీ మాజ్డా.

లోపల ఎట్లుంటుందంటే, పల్లికాయను నిలువునా కోస్తే నడుము దగ్గర కొంచెం నొక్కుకుపోయిన ఆకారం కనబడుతుంది కదా, ఇంజన్ గది అట్లుంటుంది. అందులో సమోసాలాంటి మూడు మూలల రోటర్ తిరుగుతుంది. మూడు మూలలూ ఎప్పుడూ గోడకు ఆనుకునే ఉంటాయి. కాబట్టి రోటర్‌కూ గోడకూ మధ్య మూడు అరలు ఏర్పడతాయి. రోటర్ తిరిగే కొద్దీ ఒక్కో అర పెద్దదవుతూ చిన్నదవుతూ ఉంటుంది. గాలి–పెట్రోలు పీల్చడం, నొక్కడం, మండించడం, పొగ వదలడం నాలుగు పనులూ ఒక్కో అరలో వరుసగా జరుగుతాయి. ఒక అర పీల్చుకుంటుంటే ఇంకో అరలో మంట పుడుతుంది.

రోటర్ ఒక చుట్టు తిరిగేసరికి మధ్యలోని షాఫ్ట్ మూడు చుట్లు తిరుగుతుంది. అంటే షాఫ్ట్ చుట్టు ఒక్కటికి ఒక్కో రోటర్ నుంచి ఒక్క మంట. పైకీ కిందికీ కొట్టుకునే పిస్టన్లు లేవు కాబట్టి కుదుపు తక్కువ. వాల్వులు లేవు, భాగాలు తక్కువ, బరువు తక్కువ.

లోపాలూ ఉన్నాయి. రోటర్ మూలల్లో ఉండే ఎపెక్స్ సీల్స్ అరిగిపోతే ఒక అరలోని ఒత్తిడి పక్క అరలోకి లీకవుతుంది. మంట గది పొడుగ్గా, పల్చగా ఉంటుంది కాబట్టి పెట్రోలు పూర్తిగా మండదు, ఖర్చు ఎక్కువ. పొగ చాలా వేడిగా వస్తుంది, శబ్దమూ ఎక్కువే.

528 సీసీనా? 1,056 సీసీనా?

ఇప్పుడు అసలు చిక్కులోకి వద్దాం. ఓఎంసీ 1970ల మొదట్లో మంచు మీద నడిచే స్నోమొబైల్ బండ్లకు ఒక్క రోటర్ ఇంజన్ తయారు చేసింది. దాని సైజు 528 సీసీ, బలం 35 నుంచి 45 హార్స్ పవర్. ఈ 528 అనేది ఒక్క అర లెక్క: అర పూర్తిగా సాగినప్పటి సైజులోంచి పూర్తిగా కుదించుకున్నప్పటి సైజు తీసేస్తే వచ్చేది. ఇట్లాంటి ఇంజన్‌ను పడవకు బిగించి పందేనికి తెస్తే అధికారి ఏమని రాసుకోవాలి?

మొదటి లెక్క, ఒకటి రెట్లు. షాఫ్ట్ ఒక చుట్టు తిరిగితే ఒక అర మండుతుంది. టూ స్ట్రోక్ సిలిండర్ చేసేదీ అదే. కాబట్టి 528 సీసీని 528 గానే రాయాలి. అంటే 32 ఘనపు అంగుళాలు, డీ క్లాసు.

రెండో లెక్క, రెండు రెట్లు. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ తన పని ముగించడానికి రెండు చుట్లు తీసుకుంటుంది. అదే రెండు చుట్లలో రోటరీ రెండు అరలను మండిస్తుంది. కాబట్టి 1,056 సీసీ, 64 ఘనపు అంగుళాలు. ఎఫ్ క్లాసు పరిమితిని కూడా దాటిపోయింది.

మూడో లెక్క, మూడు రెట్లు. రోటర్‌కు మూడు అరలున్నాయి, మూడూ పని చేస్తున్నాయి, మూడూ లెక్కలోకి రావాలి. అప్పుడు 1,584 సీసీ.

ఇంజన్ అదే. ఒక్క బోల్టు కూడా మారలేదు. మారింది షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగేదాకా లెక్క పెట్టాలన్నది: ఒక చుట్టా, రెండా, మూడా. అది కూడా ఎవరితో పోల్చాలన్న దాన్ని బట్టే తేలుతుంది. ఎదుట టూ స్ట్రోక్ ఉంటే ఒకటి రెట్లు సబబుగా కనబడుతుంది, ఫోర్ స్ట్రోక్ ఉంటే రెండు రెట్లు. అప్పట్లో ఔట్‌బోర్డ్ పందేల్లో దాదాపు అన్నీ టూ స్ట్రోకులే. కాబట్టి రోటరీ తయారీదారు ఒకటి రెట్లు అడిగితే అందులో న్యాయం ఉంది. ఎదుటివాళ్ల దగ్గరా జవాబు ఉంది. టూ స్ట్రోక్‌లో పీల్చడానికీ పొగ వదలడానికీ కలిపి దొరికే వ్యవధి చాలా తక్కువ, కొంత పెట్రోలు మండకుండానే బయటకు పోతుంది. రోటరీలో ఒక్కో పనికి షాఫ్ట్ ముప్పావు చుట్టు, అంటే 270 డిగ్రీలు దొరుకుతుంది. ఊపిరి నిండా పీల్చుకునేవాడినీ, ఆయాసపడేవాడినీ ఒక్క గీత మీద నిలబెడితే ఇన్సాఫ్ ఎట్లవుతుందని వాళ్ల వాదన.

కార్ల పందేలు మధ్యే మార్గం పట్టాయి. 1991లో ఫ్రాన్స్‌లోని లీ మాన్స్ 24 గంటల పోటీ గెలిచిన మాజ్డా 787బీ కారుది నాలుగు రోటర్ల ఇంజన్. ఒక్కో అర 654 సీసీ, మొత్తం 2,616 సీసీ. రూల్ ప్రకారం 1.8 తో గుణించి దాన్ని సుమారు 4,709 సీసీగా లెక్క గట్టారు. బరువులో మాత్రం దానికి మినహాయింపు దొరికింది: జాగ్వార్, మెర్సిడెస్ లాంటివి 1,000 కిలోలతో పరుగెత్తితే దీనికి 830 కిలోలకే అనుమతి. ‘గెలిచింది కాబట్టే రోటరీని నిషేధించారు’ అని చాలామంది ఇప్పటికీ చెబుతుంటారు. నిజానికి 3.5 లీటర్ల పిస్టన్ ఇంజన్లే ఉండాలన్న కొత్త రూల్ ఆ గెలుపు కన్నా ముందే ఖరారైంది.

మన 528 సీసీ ఇంజన్‌కు అదే 1.8 వేస్తే 950 సీసీ వస్తుంది. ఎఫ్ క్లాసులో సరిగ్గా ఇముడుతుంది. డీ, ఎఫ్, ఏ క్లాసుకూ చెందనిది. ఒక్క గుణకం ఆ యంత్రం భవిష్యత్తునే తేల్చేస్తుంది.

నీళ్ల మీద రోటరీ కథ

పడవకు రోటరీ బాగా నప్పుతుందని ఇంజనీర్లు అనుకోవడానికి కారణాలున్నాయి. ఔట్‌బోర్డ్‌కు రేడియేటర్ అక్కర్లేదు, కింద కావలసినంత చల్లని నీరు ఉంటుంది. పందెం పడవ ఎక్కువ సేపు ఒకే ఊపులో తిరుగుతుంది, రోటరీకి అదే ఇష్టం. బరువు తగ్గితే పడవ వెనక భాగం కుంగదు.

జపాన్‌లో యాన్మార్ కంపెనీ రోటరీ ఔట్‌బోర్డులు తయారు చేసింది. అమెరికాలో ఓఎంసీ నాలుగు రోటర్ల రేసింగ్ ఔట్‌బోర్డును 1973 ప్రాంతంలో ఎవిన్‌రూడ్, జాన్సన్ పేర్లతో పందేల్లోకి దించింది. అవి షాపుల్లో అమ్మడానికి చేసినవి కావు, కంపెనీ రేసుల కోసం చేసినవి. అదే ఏడాది అక్టోబరులో అరబ్ దేశాల చమురు నిషేధం వచ్చింది. పెట్రోలు ధర ఎగబాకగానే, ఎక్కువ తాగే రోటరీ మీద కంపెనీల మోజు తగ్గింది. జనరల్ మోటార్స్ తన రోటరీ ప్రాజెక్టును పక్కన పెట్టేసింది. ఓఎంసీ రోటరీ ఔట్‌బోర్డ్ కూడా మామూలు జనం కొనే వస్తువు కాలేకపోయింది. ఆ కంపెనీ 2000 డిసెంబరులో దివాలా తీసింది. చేతులు మారిన ఎవిన్‌రూడ్ ఔట్‌బోర్డుల తయారీ 2020లో ఆగిపోయింది. ఇప్పుడు ఆ పాత రోటరీలకు కొత్త స్పేర్ పార్టులు ఇచ్చే కంపెనీ లేదు. అవి బతికేది వాటిని దాచుకున్నవాళ్ల చేతుల్లోనే.

గీత సరిగ్గా లేకుంటే ఏమవుతుంది?

క్లాసు రూల్స్ అంటే కాగితం మీది తగాదాలని అనుకోవద్దు. ఫార్ములా 1 పడవల ప్రపంచ పోటీ 1981లో మొదలైంది. ఓఎంసీ 3.5 లీటర్ల వీ8 ఇంజన్లతో వస్తే మెర్క్యురీ వైపు 2 లీటర్ల ఇంజన్లు ఉన్నాయి. వేగం పెరుగుతూ పోయింది, పడవల్లో డ్రైవర్‌కు రక్షణ మాత్రం పెరగలేదు. 1984లో పలువురు డ్రైవర్లు ప్రాణాలు కోల్పోయారు. బెల్జియంలోని లియేజ్‌లో చనిపోయిన బ్రిటిష్ డ్రైవర్ టామ్ పెర్సివల్ వాళ్లలో ఒకరు. ఆ తర్వాతే డ్రైవర్ చుట్టూ గట్టి క్యాప్సూల్ ఉండాలన్న ఆలోచనకు బలం వచ్చింది. క్రిస్ హాడ్జెస్ అనే డిజైనర్ దీనికి దారి చూపారు. తర్వాతి కాలంలో పెద్ద ఇంజన్ల పోటీ పోయి చిన్న ఇంజన్లే ఫార్ములా 1 అయ్యాయి. ఇంజన్ సైజుకు గీత గీయడం, మనిషి ప్రాణానికి కవచం పెట్టడం రెండూ కలిసి నడిచాయి.

ఆ మార్పుల ఫలితాన్ని తెలుగు జనం కళ్లారా చూశారు. 2018 నవంబర్ 16 నుంచి 18 వరకు విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర కృష్ణా నదిలో ఎఫ్1హెచ్2ఓ ఇండియా గ్రాండ్ ప్రి జరిగింది. ‘టీమ్ అమరావతి’ పేరుతో ఒక జట్టు కూడా బరిలో నిలిచింది. ఆ పడవల వెనక బిగించింది మెర్క్యురీ 2.5 లీటర్ల వీ6 టూ స్ట్రోక్ ఔట్‌బోర్డు, బలం సుమారు 400 హార్స్ పవర్. వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. బ్రేకులు ఉండవు. ఒకే రకం ఇంజన్ కాబట్టి ఒడ్డున ‘ఎన్ని సీసీ’ అన్న వాదనే లేదు. డ్రైవర్ క్యాప్సూల్‌లో కూర్చుంటాడు.

వింటేజ్ పోటీలో ఏం చూస్తారు?

పాత పడవల పోటీల ఉద్దేశం వేరు. అక్కడ గెలుపు కన్నా యంత్రం బతికి ఉండటం ముఖ్యం. చాలా చోట్ల అవి నిజమైన పందేలు కూడా కావు, ప్రదర్శన పరుగులే. అమెరికాలో 1965 నుంచి ఉన్న యాంటిక్ ఔట్‌బోర్డ్ మోటార్ క్లబ్ లాంటి సంఘాలు ఇంజన్లను కాపాడే పనిలో ఉన్నాయి. ఇట్లాంటి పోటీలకు రూల్ రాసేవాళ్లు సాధారణంగా నాలుగు విషయాలు తేల్చుకోవాలి.

మొదటిది కాలం. ఇంజన్, పడవ ఏ సంవత్సరం లోపు తయారై ఉండాలి? రెండోది అసలుతనం. ఆ కాలంలో దొరకని భాగాలు పెడితే ఒప్పుకోవాలా? రోటరీలో ఇది మరీ ముఖ్యం. పాత కార్బన్ సీల్స్ స్థానంలో కొత్త రకం సిరామిక్ సీల్స్ వేస్తే ఇంజన్ ఎక్కువ కాలం బతుకుతుంది, దాంతో పాటు ఎక్కువ వేగంగానూ తిప్పొచ్చు. గాలి లోపలికి వచ్చే రంధ్రం పక్క గోడలో ఉందా, చుట్టు గోడలో ఉందా అన్నది కూడా రాయాలి. చుట్టు గోడలో ఉంటే ఎక్కువ వేగంలో బలం పెరుగుతుంది.

మూడోది కొలత. రోటరీకీ సూత్రం ఉంది. షాఫ్ట్ మధ్య గీత నుంచి రోటర్ పక్కకు జరిగే దూరం, రోటర్ వ్యాసార్ధం, దాని మందం, ఈ మూడింటినీ గుణించి మళ్లీ 5.196 తో గుణించాలి. మాజ్డా కొలతలు 15, 105, 80 మిల్లీమీటర్లు. గుణిస్తే 654 సీసీ వస్తుంది. కొలత వరకు ఎవరికీ గొడవ లేదు. దాన్ని ఎన్ని రెట్లు చేయాలన్నది మాత్రం కొలిస్తే తేలదు, ఒప్పందంతోనే తేలుతుంది. అందుకే ఆ గుణకాన్ని పోటీకి ముందే రాసి అందరికీ చెప్పాలి. రేసు అయ్యాక, ఎవరు గెలిచారో చూసి పెట్టే గుణకం రూల్ కాదు, శిక్ష.

నాలుగోది రక్షణ. ఇక్కడ పాతదనం పట్టుకుని కూర్చోరు. 1950లనాటి పడవైనా సరే లైఫ్ జాకెట్, హెల్మెట్ ఈనాటివే ఉండాలి. డ్రైవర్ నీళ్లలో పడితే ఇంజన్ దానంతట అదే ఆగిపోయే తాడు కట్టుకోవాలి. ఇంజన్ పాతదైతే ముచ్చట, లైఫ్ జాకెట్ పాతదైతే ప్రమాదం.

ఈ నాలుగూ తేలాక కూడా రోటరీ ఏ క్లాసులోనూ ఇమడకపోతే దానికి విడిగా ఒక క్లాసు పెట్టడం మంచి పద్ధతి. గెలిస్తే మిగతావాళ్లకు కోపం, ఓడితే దాని యజమానికి కోపం. విడిగా పరుగెత్తితే అందరూ ఒడ్డున నిలబడి ఆ అరుదైన శబ్దం వినొచ్చు.

మనకెందుకు ఈ లెక్క?

మొగుళ్లపల్లిలో పడవ పందేలు లేవు. కానీ ఇంట్లో ఐటీఐ, పాలిటెక్నిక్ చదివే పిల్లలుంటే ఈ లెక్క వాళ్లకు మంచి పాఠం. సీసీ అంటే బలం కాదు, హార్స్ పవర్ అంటే మన్నిక కాదు. బండి కొన్నా, బోరు మోటారు కొన్నా, వరద బోటుకు ఇంజన్ ఎంచుకున్నా కాగితం మీద రాసిన సంఖ్య దేన్ని కొలిచింది, దేన్ని వదిలేసింది అని అడగడం నేర్చుకోవాలి.

కామర్స్ చదివేవాళ్లకు ఇది ఇంకా బాగా తెలిసిన సంగతి. ఒకే సరుకుకు ఏ పద్ధతిలో విలువ కడతామో దాన్ని బట్టి లాభం మారుతుంది. అందుకే పద్ధతిని ముందే ప్రకటించాలి, ప్రతి ఏడాదీ అదే పాటించాలి, మారిస్తే కారణం రాయాలి. రోటరీ ఇంజన్ విషయంలో పందెం అధికారులు చేయాల్సిందీ అదే. 528 అని రాసినా, 950 అని రాసినా, 1,056 అని రాసినా తప్పు లేదు. అందరికీ ఒకే లెక్క ఉండాలి, అది స్టార్ట్ జెండా ఊపకముందే తెలిసి ఉండాలి.